పదును

బఫెలో ఊళ్లో గాలికి సెలవుల్లేవు.
కొండమీది మంచు వాసన మోసుకొచ్చి
గుర్రపు జీనులు కుట్టే బెన్యాత్ కొట్టులోకి
తలుపు కిందనుంచి సన్నగా దూరుతుంది.
తడి తోలుకి అదొక్కటే దొంగని ఆయన
పాత గొంగడి చుట్టచుట్టి గడపకి అడ్డం పెడతాడు.

నిన్న సాయంత్రం ముక్కని నీళ్లలో ముంచాం.
పర్సెల్ గారమ్మాయి జీనుకి వెనక పలక.
ఓక్ బెరడు కషాయంలో నెలలు నానిన తోలు,
నీళ్లంటే దానికి కొత్తేం కాదు,
అయినా బుడగలు బుడగలుగా ఊపిరి వదిలింది.
"లెక్కపెట్టకు, ఆగేదాకా చూడు" అన్నాడు.
చివరి బుడగ చాలాసేపు అంచు పట్టుకుని వేలాడి
పోయింది.
తీసి, నీరోడ్చి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి
చేపలవేటకి పట్టుకెళ్లే ఐసుపెట్టెలో పెట్టాం,
పులియడానికి మూతేసిన పిండిలా.

మొదటేడు నాకు ఓపిక లేదు.
నీళ్లు కారుతుండగానే కత్తి తిప్పేదాన్ని.
గీసిన గీత నా వెనకే మూసుకుపోయేది
బురదలో బాతు అడుగులా.
ఇంకోసారి సినిమాకి పోయి ఆలస్యంగా వచ్చాను.
అట్టలా బిగుసుకుంది.
అచ్చుమీద ఎంత మోదినా
గోటి నొక్కంత గుర్తు పడలేదు.
ఆయన తిట్టలేదు. ఆ రెండు ముక్కలూ
నా బల్లకి ఎదురుగా మేకుకి తగిలించాడు.
రెండేళ్లుగా వాటిని చూస్తూనే
మధ్యాహ్నం రొట్టె తింటున్నాను.

కత్తికైతే పదును రాయి ఇస్తుంది.
తోలుకి పదును
గాలీ నీళ్లూ రాజీపడితే వస్తుంది,
వచ్చి, ఉండదు.

ఇవాళ పొద్దున సంచి విప్పాడు.
ముదురు గోధుమరంగు. అంచులనుంచి మెల్లగా
దాని పాత బిస్కట్టు రంగు లోపలికి నడుస్తోంది,
మధ్యలో ఇంకా అరచేయంత చీకటి.
మా బల్లంటే, సమాధి ఫలకాలు చెక్కేవాడు
పేరు తప్పు పడిందని పారేసిన నల్లరాయి.
అక్షరాలు కిందికి, నునుపు పైకి.
దానిమీద ముక్కని పరిచి
ఎప్పటిలాగే వంగి ఎడమ చెంప ఆనించాడు.
రంగు వెనక్కి రావాలి, చలవ మాత్రం మిగలాలి,
అది ఆయన లెక్క.
వేళ్లని నమ్మడు. నలభై ఏళ్ల మాలెట్ దెబ్బలకి
అవి మొద్దుబారాయంటాడు.
కుడి చెంపని ఎప్పుడో గుర్రం తన్నింది,
ఆ కుట్లకి వేడీ చలీ తెలియవు.

ఎడమ చెంప. ఆగాడు.
కుడి. మళ్లీ ఎడమ.
ఫిబ్రవరిలో ఆసుపత్రినుంచి వచ్చాక
ఎడమ పెదవి చివరనుంచి కాఫీ కారడం
నేనూ చూశాను.
చూడనట్టు స్పాంజి పిండుకున్నాను.

"డెల్లా, చల్లగా ఉందా?"

పరీక్ష అనుకున్నాను.
వంగాను. ఆయన ముఖం ఆనిన చోట కాస్త వెచ్చన,
పక్కనే ఏటిరాయి చల్లదనం,
బెరడు వాసన, సబ్బు వాసన.
లేచేసరికి నా ముఖంలోకే చూస్తున్నాడు.
జవాబు తెలిసినవాళ్లు అలా చూడరు.

"ఇంకా లేదు" అన్నాను.
"ఎంతసేపు?"
ఆ మాట అడిగే మనిషి కాదాయన.
రోజుకి ఇరవైసార్లు నేనడిగేదాన్ని.
"కాఫీ తాగేంత."

తాగాం. గాలి గొంగడిని కొంచెం జరిపింది.
లేచి సర్ది వచ్చాను.
చీకటి అరచేతినుంచి నాణెమంతై
నాణెం కూడా కరిగాక
మళ్లీ చెంప పెట్టాను.
"ఇప్పుడు."

కత్తి అందుకున్నాడు. ఆ చేతికేం కాలేదు.
అడవి గులాబీ మొదటి రేకు ఒక్క తిప్పులో లేచింది,
గీత తెరుచుకుని తెరుచుకునే ఉంది.
అచ్చు ఆనించి మాలెట్ వేశాడు.
దెబ్బ పడినచోట
మాడబోయే చక్కెర రంగు తేలింది.

మూడో రేకు దగ్గర
తలెత్తకుండానే అడిగాడు,
"ఆరిపోతోందా?"

జుట్టు వెనక్కి ముడేసి
నేను వంగాను.